ఎర్రనీరు తేరుకొను చోటు

ఆషాఢమున మొదటి పెద్దవాన కురిసిన మరునాడు ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్టమీద నిలిచి చూచువారికి, చెల్కలను కోసికొనుచు, బండల సందుల దొర్లుచు వచ్చి చెరువులో పడు వాగునీరు, అది నీరేనా యని సందేహము కలిగించునంత చిక్కగా, పచ్చియిటుక రంగున కనిపించును. అదే కట్టకు దిగువన ఆయకట్టు పొలముల నడుమ మిగిలియున్న పాత మోటబావి దేనిలోనికైనను వంగి చూచినచో, రాతిపేర్పు సందులనుండి బొట్టుబొట్టుగా కారి చేరు ఊటనీరు, అడుగునున్న గులకరాళ్ళను ఒక్కొక్కటిగా లెక్కింపవచ్చునంత తేటగా నుండును. రెండును ఒకే వాననీరు. ఒకటి నేలమీద వచ్చినది, రెండవది నేలలోపల వచ్చినది. నేలమీద పారునపుడు నీటిని ఇంతగా కలతపెట్టిన ఆ మన్నే, నేలలోపల సాగునపుడు దానిని ఇంతగా తేర్చుట ఎట్లు సాధ్యమైనది? ఆ ఎర్రదనమంతయు ఏ తావున ఆగిపోయినది? ఆగినది అక్కడనే యుండునా, మరల కదలునా? చూపునకు చిన్నవిగా తోచు ఈ ప్రశ్నలలో మన చెరువుల ఆయువు, బోరుబావుల భవిష్యత్తు, కట్టల క్షేమము ఇమిడియున్నవి.

ఈ చెరువు గోల్కొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలపుది. 1550 నుండి 1580 వరకు రాజ్యము చేసిన ఆ సుల్తానును మన కవులు మల్కిభరాముడని తెలుగు చేసికొనిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. ఊరిపేరును ఆయన పేరే. దాదాపు 1300 ఎకరముల ఈ జలాశయమునకు చుట్టుపట్ల వాగులేగాక, చందనవెల్లి వైపునుండి దూరము త్రవ్వి తెచ్చిన ఫిరంగినాలా కూడ ఒకప్పుడు నీరు చేర్చెడిది. నాలా పూడి, కబ్జాలకు లోనై, చెరువు ఏండ్లకేండ్లు వెలవెలబోయి, 2022 వానాకాలమున మరల నిండి అలుగు పారినది. నాలుగున్నర శతాబ్దములుగా అది నీటిని మాత్రమే గాదు, నీటితో వచ్చిన మట్టినికూడ నిలువచేయుచునే యున్నది.

వేసవిలో చెరువు శిఖమునుండి గుప్పెడు మట్టి తెచ్చి, గాజుగ్లాసెడు నీటిలో వేసి గిలకొట్టి, కదల్చక కిటికీ దగ్గర పెట్టి చూడుడు. చేయి తీసినంతలోనే గరుకు ఇసుక అడుగుకు దిగును. కొంతసేపటికి దానిమీద సన్నని బూడిదరంగు పొర యొకటి పరచుకొనును. పైనీరు మాత్రము సాయంకాలమైనను పలుచని చాయవలె ఎర్రగానే యుండును. మరునాడు చూచినను తుదియంచున వ్రేలెడు తేటనీరు కనిపించునేమో గాని తక్కినది మబ్బుగానే మిగులును. ఒకే గుప్పెటలోని మట్టికి ఇన్ని తీరుల నడక ఏల యనుటకు 1851లో జార్జి గేబ్రియల్ స్టోక్సు అను గణితవేత్త సమాధానము చెప్పినాడు. నలుసు సగము చిన్నదైనచో అది మునుగు వేగము సగము గాదు, నాలుగవవంతగును. పదవవంతైనచో నూరవవంతగును. మిల్లీమీటరులో పదవవంతుండు ఇసుక రేణువు నిలుకడనీటిలో మీటరు లోతు దిగుటకు రెండు నిమిషములు చాలును. దానిలో పదవవంతుండు మెత్తని ఒండ్రునలుసుకు మూడు గంటలు పట్టును. దానిలోను పదవవంతే యుండు బంకమట్టి నలుసుకు, అనగా మిల్లీమీటరులో వెయ్యవవంతు, ఒక మైక్రాను, ఉన్నదానికి, ఆ మీటరే పదుమూడు దినముల దారి. అంతకన్న సూక్ష్మమైన వానిని నీటి యణువులు అన్నివైపులనుండి తాకి తాకి ఊగించుచునే యుండుటచే అవి తమంతట తాము అడుగును చేరుట దాదాపు జరుగదు. 1827లో రాబర్టు బ్రౌను సూక్ష్మదర్శినిలో పుప్పొడిలోని సూక్ష్మకణములందు ఈ అలుపెరుగని యల్లాటమును చూచెను; దాని లెక్కను 1905లో ఐన్‌స్టైను తేల్చెను.

గాలికి అలలు లేచు చెరువున పదుమూడు దినముల నిలుకడ ఎక్కడిది? అందుచేతనే వానాకాలమంతయు చెరువునీరు మన్నుచాయగానే యుండును. అయితే అదే నీరు నేలలో దిగినపుడు ఒక విచిత్రము జరుగుచున్నది. నాకు ఈ విషయమంతటిలోను మిక్కిలి యందముగా తోచు సంగతి ఇదియే. ఇసుకలో రేణువుకును రేణువుకును నడుమ సందు ఎంత? సాధారణపు ఇసుకలో మిల్లీమీటరులో పదవవంతు. చెరువున మీటరు దిగుటకు పదుమూడు దినములు పట్టిన ఆ మైక్రాను నలుసే, ఆ సందులో అడుగును తాకుటకు రెండు నిమిషములు పట్టదు. నలుసు మారలేదు, దాని బరువు మారలేదు, మునుగు వేగమును మారలేదు. అడుగు దగ్గరకు వచ్చినది. చెరువునకు అడుగు ఒక్కటే, అది లోతున నున్నది. నేలలో ప్రతి రేణువు వీపును ఒక అడుగే. అర మిల్లీమీటరు రేణువులున్న ఒక ఘనమీటరు ఇసుకను తీసికొని, అందలి రేణువులన్నిటి పైతలమును కూడినచో ఏడువేల చదరపు మీటరులు దాటును, అనగా ఒకటిముప్పాతిక ఎకరములు. ఒక బండెడు ఇసుకలో అంత పొలము మడచి పెట్టియున్నదన్నమాట. తొట్టి లోతుకంటె దాని అడుగు వైశాల్యమే మట్టి తేరుటకు ముఖ్యమని 1904లో ఆలెన్ హేజెన్ అను అమెరికా ఇంజనీరు చూపినాడు. ఆ సూత్రమును నేల అనాదిగా అమలు జరుపుచున్నది.

జల్లెడవలె పట్టి యాపుటయే వడపోత యని మనలో చాలమంది తలంపు. అది నిజములో చిన్నభాగము. మూడు గుండ్రని రేణువులు ఒకదానినొకటి తాకి నిలిచినపుడు నడుమ మిగులు సందు, రేణువు వెడల్పులో ఆరవవంతుకు ఇంచుక పైనో క్రిందో యుండును. అంతకు మించిన కసవు, గరుకు మట్టి, పైననే చిక్కుకొనును. తక్కిన ఎర్రదనమంతయు ఆ సందులలో సులభముగా దూరిపోగల నలుసులే. అయినను అవి పోలేకున్నవి. కొన్ని నీటిదారి రేణువు ప్రక్కన ఒరుసుకొని పోవుచుండగా అంచు తగిలి ఆగిపోవును. కొన్ని ఇందాక చెప్పినట్లు బరువుచే మునిగి రేణువు వీపుపై వ్రాలును. అతిసూక్ష్మములు ఆ బ్రౌను చూచిన యల్లాటముచే తిరిగి తిరిగి గోడకు తగులును. పెద్దవానికి బరువు, చిన్నవానికి యల్లాటము దారి చూపగా, రెండింటి నడుమనున్నవానికి, మైక్రాను పరిమాణము ప్రాంతమున నున్నవానికి, రెండును పూర్తిగా సాయపడవు. నేలలో అన్నిటికన్న దూరము పోగలవి అవే. అనేక సూక్ష్మజీవుల పరిమాణము సరిగా అంతే యగుట వైద్యులకును ఇంజనీరులకును ఆలోచింపదగిన సంగతి. అయినను, నీరు నెమ్మదిగా దిగునపుడు మంచి ఇసుకపొర వానినికూడ చాలవరకు పట్టును: 1892లో ఎల్బేనది నీటిని వడపోయకయే త్రాగిన హాంబర్గు నగరమున కలరా ఎనిమిదివేలమందిని పొట్టనపెట్టుకొనగా, అదే నదినీటిని ఇంకను దిగువన, హాంబర్గు మురుగు కలిసిన తరువాత తీసికొని ఇసుకలో వడకట్టి త్రాగిన పొరుగూరు ఆల్టొనా చాలవరకు బయటపడినది.

గోడకు తగిలిన నలుసు అక్కడ అంటుకొనునా యనునది మరియొక ప్రశ్న. బంకమట్టి నలుసుకును ఇసుక రేణువుకును ఉపరితలమున ఋణవిద్యుత్తే యుండుటచే రెండును ఒకదానినొకటి దూరము నెట్టుకొనును. నీటిలో ఉప్పులు, అందును సున్నపు ఉప్పులు, కరగియున్నచో ఆ నెట్టుడు అణగి, నలుసులు దగ్గరై, ఒకదానినొకటి పట్టుకొని, రేణువులను కరచుకొనును. బిందెలో పటికముక్క త్రిప్పు ఇల్లాలు చేయుచున్నది ఇదియే. చిల్లగింజను అరగదీసి కుండలో కలుపుటకును ఫలితము అదే. దానినే సంస్కృతమున కతకమనిరి, అది నీటిని తేర్చునను సంగతి మనుస్మృతికారునికే తెలిసినది. దీనికి విరుద్ధముగా, ఉప్పులేని వాననీరు ఒక్కసారిగా దిగినపుడు అంతవరకు రేణువులను అంటియున్న నలుసులు పట్టు వదలి బయలుదేరును. పెద్దవానల వెంబడి కొన్ని బావుల నీరు రెండుమూడు దినములు మబ్బుపట్టుటకు ఇదియు నొక కారణము. చవుడునేల సాగుచేయు రైతు ఈ శాస్త్రమును పుస్తకము లేకయే యెరుగును: అక్కడ సోడియపు ఉప్పు బంకనలుసులను విడదీసి, అవి నేలసందులను మూసివేయుటచే, వాననీరు పాలవలె తెల్లబడి మడిలో నిలిచిపోవును గాని ఇంకదు. జిప్సము చల్లినచో సున్నము వచ్చి సోడియమును తరిమి, నలుసులు మరల కూడి, నేల నోరు తెరచును.

ఇక పూడిక సంగతి. ఆగిన నలుసు ఆగినచోటనే యుండును, దానిమీద మరియొకటి యాగును. జాతరలో ఇరుకు ద్వారమువద్ద ఒక్కొక్కరే వచ్చినచో ఎంతమందియైనను పోగలరు. పదుగురు ఒక్కసారి త్రోసికొనివచ్చినచో భుజముభుజము ఒరసి ఎవ్వరును కదలలేరు. నేలసందు నోటివద్ద నలుసుల స్థితియు నిట్టిదే. పలుచని మట్టినీరు లోతుగా దిగి మెల్లగా పూడ్చును. చిక్కని మట్టినీరు పైననే విల్లువలె వంపు తిరిగిన వంతెనలు కట్టుకొని ద్వారము మూయును. అందుచే చెరువు అడుగున మొదట మూసికొనునది పై వ్రేలెడు మందమే. ఆ వ్రేలెడుది ఎంతటి అడ్డమో చిన్న లెక్క చూతము. దినమునకు పది మీటరులు నీరు పోనిచ్చు ఇసుకపొర మీటరు మందమున్నదనుకొందము. దానిపై, దినమునకు ఒక్క మిల్లీమీటరు మాత్రమే పోనిచ్చు బంకపొర సెంటీమీటరు మందమున పేరుకొన్నదనుకొందము. క్రిందనున్న మీటరు ఇసుకకంటె పైనున్న సెంటీమీటరు బంకమట్టియే నూరురెట్లు ఎక్కువగా నీటిని అడ్డగించును.

వేసవి ముదిరి నీరు ఇంకినచోట శిఖములో నడచినచో ఆ పొరను చేతితోనే చూడవచ్చును. పలకపలకలుగా నెర్రెలు వారి, అంచులు పైకి లేచి, ఎండిన అప్పడమువలె నుండును. ఒక పలకను మెల్లగా పెల్లగించినచో క్రిందివైపున సన్నని ఇసుక అంటి గరుకుగాను, పైవైపున అరచేతికి పట్టువలె నునుపుగాను తోచును. విరిచినచో అంచున పలుచని చారలు కనిపించును, క్రింద ముతక, పైన మెత్తన, మరల ముతక. గ్లాసులో మనము చూచిన వరుసయే అది. ఒక్కొక్క వరద తెచ్చిన మన్ను ఒక్కొక్క చారయై యున్నది. పెల్లగించినచోట బయటపడు మొరము గరుగరలాడుచు, బొటనవ్రేలితో నొక్కినచో పొడియగును. మొదటి వరద ఆ నెర్రెలలోనుండి గుటగుట దిగిపోవును. పలకలు నాని ఉబ్బి అంచులు కలియువరకే ఆ సౌఖ్యము. చెరువు ఎండుట దుర్దినమని మనమందుము గాని, ఏటేట కొన్నినాళ్ళు ఎండుట చెరువు అడుగునకు శ్వాస తీసికొనుట వంటిది. లోకమందెల్లెడల నీటిని నేలలోనికి ఇంకించుటకై కట్టిన కుంటలను నడుమనడుమ ఎండబెట్టి పైపొర గీకివేయుట ఈ కారణముననే.

పూర్వము ఆ గీకుడు పని రైతుల బండ్లే చేసెడివి. చెరువుమట్టి చెల్కకు ఎరువు, చెరువునకు పూడికతీత. ఆ అలవాటు సన్నగిల్లిన తరువాత 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర నలుబదియారువేలకు పైబడిన చెరువుల పునరుద్ధరణ తలపెట్టి, పూడికమట్టిని పొలములకు చేర్చుటను దానిలో భాగము చేసినది. సంకల్పము మెచ్చదగినది. అయినను నేను గట్టిగా చెప్పదలచినదొకటున్నది. పూడిక తీయుట వేరు, చెరువు అడుగు త్రవ్వుట వేరు. జేసీబీ బకెటు ఎక్కడ ఆగవలెనో తెలియవలెను. ఎగువ శిఖమున పైపొర తీసినచో నీరు ఇంకి బావులు బాగుపడును. కట్టమొదట మొరము బయటపడువరకు తోడినచో ఆ నీరే కట్టక్రిందుగా దారి వెదకికొనును. శతాబ్దములుగా పేరుకొన్న బంకపొర అచ్చట చెరువునకు శత్రువు గాదు, చాప.

రంగారెడ్డి నేల ఇసుకనేల గాదు. దాదాపు 250 కోట్ల ఏండ్ల నాటి గ్రానైటు. ఇబ్రహీంపట్నమునకు పొరుగుననే యున్న మహేశ్వరము ప్రాంతమును హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారును ఫ్రెంచి శాస్త్రజ్ఞులును కలిసి ఏండ్లతరబడి పరిశీలించి, ఆ రాతిలోపలి వరుసను తేటపరచిరి. పైన ఇంచుమించు పది, ఇరువది మీటరులవరకు శిలయే శిథిలమై ఇసుక, మొరము, బంక కలిసిన మెత్తనిపొర. దానిక్రింద మరియొక పదునైదు, ఇరువది మీటరులు పగుళ్ళు వారిన రాయి. ఆ దిగువ చాలవరకు పగులులేని బండ. పైపొర స్పంజివలె నీటిని దాచును, వడకట్టును. క్రిందిపగుళ్ళు కాలువలవలె పారించును. బోరు వేయువారు "గ్యాపు తగిలింది" అని సంతసించునది ఆ పగులు తగిలినప్పుడే. అయితే ఆ పగులుకు దాచుగుణమును తక్కువ, వడకట్టుగుణమును తక్కువ. నీటిని మితిమీరి తోడుటచే మహేశ్వరము వంటి చోట్ల నీటిమట్టము పైపొరను విడిచి పగుళ్ళలోనికి దిగిపోయినది. నీటిని తేర్చు పొర యెండిపోయి, నీరు లోతున మిగిలినది.

కనుకనే, వాననీటిని తిన్నగా ఎండిన బోరు కేసింగులోనికి మళ్ళించి నేలకు నీరు పోసితిమని తృప్తిపడువారినిగూర్చి నాకు బెంగ కలుగుచున్నది. చూరునీరైనను దుమ్ము లేక రాదు. వీధినీరు సంగతి చెప్పనక్కరలేదు. ఇసుకలో పైపొర పూడినచో గీకివేయవచ్చును. మున్నూరడుగుల లోతున పగులులో బంక చేరినచో దానిని గీకువారెవరు? ఫ్లషింగు చేయించినను బోరు ప్రక్కనున్న మట్టి వచ్చును గాని పగులు లోపలికి దూరము పోయినది రాదు. మురికితో కూడ దిగిన సూక్ష్మజీవులకు ఆ పగుళ్ళు రాచబాట. ఇంకుడుగుంతలో అడుగున పెద్దకంకర, దానిమీద చిన్నకంకర, పైన ఇసుక పరచుమని చెప్పుట ఈ కారణముననే. ఆ పై ఇసుకను ఏడాదికొకసారి జానెడు తీసి కడిగి వేయని గుంత, మూడునాలుగు వానాకాలములలో నీరు నిలుచు గుంతయై దోమలకు నెలవగుట తరచు చూచుచున్నాము. మా ఇంటి గుంత అట్లయినపుడు పైపొర తీయించితిని. క్రింది ఇసుక జానెడు లోతుననే క్రొత్తదానివలె తెల్లగా నుండెను. అన్నేండ్ల మట్టియు ఆ జానెడులోనే ఆగియున్నది.

ఇంతవరకు నలుసులు నేలలోపలికి పోవుటను చెప్పితిని. నేలలోనుండి బయటికి వచ్చుట అంతకన్న గంభీరమైనది. నిండిన చెరువునకు కట్ట దిగువన ఊట యుండుట సహజమే. మట్టికట్ట కుండగాదు, చెమర్చును. ఆ ఊట వేగము హెచ్చినచో కట్టలోని సన్ననలుసు మొదట కదలును. అది పోయినచోట దారి ఇంచుక వెడల్పగును. వెడల్పైనచోట నీటి వేగము హెచ్చును. అప్పుడు ముతకది కదలును. ఇట్లు దిగువనుండి ఎగువకు, గొట్టమువలె, కంటికి కనిపింపని సొరంగము త్రవ్వుకొనివచ్చి, ఒక రాత్రి కట్టను గండికొట్టును. దీనికి చికిత్స నలుసును పోనీయక నీటిని మాత్రమే పోనిచ్చు ఇసుకపొరను ఊటచోట పరచుట. ఆ యిసుక ఎంత ముతకయై యుండవలెననుటకు, మృత్తికా యాంత్రికశాస్త్రమునకు పునాది వేసిన కార్ల్ టెర్జాగి ఒక కొలత చెప్పెను: వడపోత యిసుకలోని సన్నరేణువులు, కాపాడవలసిన మట్టిలోని ముతకరేణువులకంటె నాలుగైదు రెట్లు మించి పెద్దవి కారాదు. అంతలోనున్నచో మట్టిలోని ముతకది యిసుక సందులో ఆగును, దానివెనుక సన్ననిది ఆగును, నీరు మాత్రము సాగిపోవును.

చెరువులు కాచు నీరటి వానాకాలమున కట్ట దిగువ వెంబడి తిరుగుచు, ఊట కనిపించినచోట వంగి దోసిలి పట్టుట ఊరివారెల్లరు చూచినదే. ఊట ఎంత యని ఆతడు చూడడు. దోసిట పట్టిన నీటిని వెలుతురునకు ఎత్తి చూచును. అరచేతి గీతలు తేటగా కనిపించినచో నీటిని పారబోసి ముందుకు నడచును. గీతలపై ఎర్రని చాయ ఒకింత పొరలినచో కేక వేసి, ఇసుకబస్తాలకును మనుషులకును కబురంపును.